ఉప్పల్‌కు పోయే బియ్యం

దానమ్మ సంచి మూతి వెడల్పు చేసి పట్టుకుంది. రత్నకుమారి చిన్న మట్టి గురిగిలోని బియ్యం అందులోకి ఒంపి, గురిగి అడుగు తట్టింది. వంటకు బియ్యం తీసినప్పుడల్లా బీదలకని ఒక పిడికెడు గురిగిలో వేయడం, శనివారం దానమ్మ వచ్చి పోగుచేసుకుపోవడం నాచారం క్రైస్తవుల ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. వాళ్ల ప్రార్థన గుడి ఊడ్చేదీ, చాపలు పరిచేదీ, గంట కొట్టేదీ కూడా ఆమే. బక్కపలచని మనిషి. సంచి మోసీ మోసీ ఎడమ భుజం కొంచెం కిందికి దిగింది.

"అవునత్తా," రత్నకుమారి నవ్వింది, "హన్నవ్వ గూడ వారం వారం పిడికెడు ఏస్తుండె గదా. అవి గీ సంచిలయేనా?"

దానమ్మ సంచి మూతి ముడిచింది. "నాకెర్క లేదు బిడ్డా" అని బయటపడింది.

ఎరుక లేకపోవడమేమిటి! ఇన్నేళ్లూ చీకటి పడ్డాక పెరటి తడిక తోసుకుని హన్నా గంపలో బియ్యం పోసి వచ్చింది ఈ చేతులే కదా. శనివారం పొద్దున అందరికంటే ముందు హన్నానే వాకిట్లో నిలబడి, నలుగురూ చూస్తుండగా అందులోంచే ఒక పిడికెడు సంచిలో వేసేది. "దేవుడు దీవించుగాక అక్కా" అనేది దానమ్మ. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కారు. ఊళ్లో ఒక్క పురుగుకు కూడా తెలియలేదు. ఇప్పుడు అందరికీ తెలుసు, చెప్పింది దానమ్మే.

ఉప్పల్, నాచారం, రామంతపూర్, బోడుప్పల్, అన్నీ చిన్న చిన్న గుళ్లు. ఏ ఊరి బీదలను ఆ ఊరి గుడి సాకలేకపోతోందని పెద్దలు అన్నిటినీ కలిపి ఒక యూనియన్ చేశారు. బియ్యమంతా ఉప్పల్‌కు పోవాలి. అక్కడ రేకుల ఇల్లు కట్టారు. దిక్కులేనివాళ్లు అక్కడికే వచ్చి ఉండాలి, అక్కడే వరసలో కూర్చుని తినాలి. ఇళ్లకు బియ్యం ఇవ్వడం ఇక లేదు.

నెల కిందట అన్ని ఊళ్లవాళ్లూ కూర్చున్న సభలో యూనియన్ కార్యదర్శి భూషణం, "నాచారంలో ఎవరున్నారో దానమ్మగారిని అడుగుదాం" అన్నాడు. గారు! పుట్టి బుద్ధెరిగాక దానమ్మను గారు అన్నవాడు లేడు, లేచి మాట్లాడమన్నవాడూ లేడు. కొంగు సర్దుకుని లేచింది.

"మా మోషే పెద్దాయన పెండ్లాం హన్నక్క ఉన్నది సార్. తిండికి లేదు. ఇన్నొద్దులు నేనే పోస్తున్న."

నోరు జారిందా అంటే కాదు, నోరారా చెప్పింది. ఆ చివరి ముక్క గుర్తొస్తే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు దానమ్మకు. చచ్చిపోయిన ఆ మోషే నాచారం గుడికి పునాది తవ్వినవాడు. ముందు చాప మీద కూర్చున్న హన్నా వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఆనాటినుంచి దానమ్మ తన కుండలో బియ్యమే పట్టుకుపోయినా పెరటి తడిక తెరుచుకోలేదు.

రత్నకుమారి ఇంటినుంచి దానమ్మ నేరుగా ఆ తడిక దగ్గరికే పోయి నిలబడింది. "అక్కా, ఉప్పల్‌కు తోల్కపోను ఇయ్యాల బండొస్తది."

లోపలినుంచి గొంతు మాత్రం వచ్చింది. "పగటీలి నేను బండెక్క. పొద్దుగూకినంక రా, నీ ఎంబడి నడిసొస్త. ఎవ్వలు సూడొద్దు."

"సరే అక్కా. నేనే తోల్కపోత."

"దానీ..." అని పిలిచి, "ఏం లే, పో" అంది హన్నా.

కొత్త కార్ఖానా సైరన్ మోగేవేళకు ఎడ్లబండి వచ్చింది. వెనకే సైకిల్ మీద భూషణం. లాబొరేటరీలో ఉద్యోగం, కోస్తా మనిషి, ఎవరినీ కసురుకోడు.

"హన్నమ్మగారు ఏరీ?"

"పొద్దుమీకి నేను తోల్కొస్త సార్. ఆమె సిగ్గుపడుతున్నది."

"ఇందులో సిగ్గేముందమ్మా?"

దానమ్మ సంచి వదల్లేదు. "సార్, గీ సంచిలకెల్లి జరన్ని ఈడనే ఉంచుతె గాదా? ఎవ్వలకు తెల్వకుంట నేనిస్త. ఆమె ఆడ బతకది."

"ఒక ఊరికి అలా చేస్తే అన్ని ఊళ్లూ అడుగుతాయి కదమ్మా. పోయేది నాలుగు గింజలైనా, అందరిదీ ఒకే పద్ధతి ఉండాలి."

ఆయన చెప్పింది న్యాయంగానే ఉంది. అందుకే దానమ్మ సంచి వదిలింది. బండివాడు సంచి అందుకుని, మిగతా ఊళ్ల సంచుల మీద పడేశాడు.

పొద్దుగూకింది. తడిక గడియ తీసే ఉంది. హన్నా ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, గోడవైపు తిరిగి చాప మీద పడుకుని ఉంది. పక్కన చిన్న మూట. పొయ్యిలో బూడిద చల్లారి ఎన్నాళ్లయిందో.

"అక్కా, లే. బజార్ల ఎవ్వలు లేరు."

పాదం ముట్టుకుంటే చల్లగా తగిలింది.

దానమ్మ గొంతెత్తి ఏడవలేదు. ఏడిస్తే నలుగురూ వస్తారు. "పోనీ, ఉప్పల్‌కు పోవుడు తప్పింది" అనుకుంది ముందు. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. "నేను సంపితి నిన్ను, అక్కా" అంది మెల్లగా, ఆ పాదాలు ఒళ్లో పెట్టుకుని.

మొహం మీద కప్పడానికి గుడ్డ కోసం మూట విప్పింది. ఒక పాత చీర, దాని మడతల్లో ఇత్తడి కంచం. ఎవరి కంచం వాళ్లే తెచ్చుకోవాలని భూషణం సభలో చెప్పాడు. అది హన్నా పెళ్లినాటిది. అంచు మీద మోషే పేరు చెక్కించి ఉండేది. ఆ పేరు ఉన్నచోటంతా ఇటుకముక్కతో అరగదీసిన గీతలు, గీతల్లో ఇంకా ఎర్రటి ఇటుక పొడి.