మన జ్వరమే

అతన్ని ఆ వీధిలో అందరూ అద్దాలాయన అంటారు. కళ్ళద్దాల షాపులో పని. ఫ్రేము వంచి, చెవుల మీద సరిచేసి, ఎదుటి మనిషి ముక్కుకి తన ముక్కు తగిలేంత దగ్గరగా వంగి చూస్తాడు. ఊళ్ళో జలుబులు తిరుగుతున్న ఆ వారం షాపుకి వచ్చినవాళ్ళలో సగం మంది అతని మొహం మీదే దగ్గారు. ఊరందరికీ చూపు సరిచేసే మనిషికి ఆ సంగతి కనబడలేదంటే ఏమనాలి!

అతనికి చిన్నప్పటి నుంచీ ఉన్నట్టుండి జ్వరం, కడుపు నొప్పి వచ్చేవి. కొన్నాళ్ళకి వాటంతటవే పోయేవి. అంటురోగమేమోనని ఇంట్లోవాళ్ళు వేరే కంచం పెట్టి వేరే గదిలో పడుకోబెట్టేవారు. అదేమిటో తెలిసింది కూతురికీ అదే వచ్చాక. "పుట్టుకతో వచ్చే జబ్బు. ఏ క్రిమీ లేకుండానే జ్వరం వస్తుంది. దొంగ లేకపోయినా ఒంట్లో కాపలావాడు కేకలు పెడుతుంటాడు. తండ్రి పోలిక," అంది డాక్టరమ్మ. ఆ పోలిక అన్న మాటకి అతను ఆ రోజు అన్నం ముట్టలేదు.

అప్పట్నుంచి ఆ ఇంట్లో ఒక పద్ధతి. తండ్రీకూతుళ్ళలో ఎవరికి జ్వరమొచ్చినా రెండోవాళ్ళు వెళ్ళి అదే దుప్పట్లో దూరాలి. ఒక వేడినీళ్ళ సంచీ, బోలెడు కబుర్లు. బడిలో పిల్లని విడిగా వెనక బెంచీలో కూర్చోబెడితే, హెడ్మాస్టరు గదికి వెళ్ళి "ఇది అంటేది కాదండీ!" అని బల్ల గుద్ది వచ్చాడు. చుట్టాలకీ అదే చెప్పాడు, ఇరుగుపొరుగుకీ అదే చెప్పాడు. చెప్పీ చెప్పీ ఆ మాట నోటికి అలవాటైపోయింది.

ఆ సాయంత్రం ఒళ్ళు కాలిపోతూ ఇంటికొస్తే భార్య గుమ్మంలోనే ఆపింది.

"దగ్గుతున్నారు కదండీ. ముందు గదిలో పడుకోండి."

"మన జ్వరమేనే. అంటేది కాదు."

ఆ జ్వరంలో దగ్గు రాదు. అది అతనికి తెలుసు. తెలిసే అన్నాడు. వేరే గది అనేసరికి చిన్నప్పటి వేరే కంచం గుర్తొచ్చి మొండికేశాడు. ఈలోగా పిల్ల వేడినీళ్ళ సంచీతో తయారు. "జరుగు నాన్నా," అంటూ దుప్పట్లో దూరింది. అతను జరిగాడు.

వైరస్ అతన్ని దగ్గుతో సరిపెట్టి వదిలేసింది. పిల్లని వదల్లేదు. జలుబుగా మొదలై, దాని వెనకే ఒంట్లో ఉన్న పాత జ్వరం కూడా లేచి, రెండూ కలిసి ఆమెకి ఊపిరాడనివ్వలేదు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. "ఇంట్లో ముందు ఎవరికొచ్చింది దగ్గు?" అని డాక్టరమ్మ అడిగితే అతను నేల చూపులు చూశాడు.

"ఈయనకే," అంది భార్య. ఆ తర్వాత పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. పుట్టించి ఒక జబ్బు ఇచ్చాడు, అది చాలనట్టు పక్కన పడుకోబెట్టుకుని ఇంకోటి ఇచ్చాడు. ఈ పిల్లకేమైనా అయితే తను ఏ మొహం పెట్టుకుని బతకాలి?

జ్వరం కాస్త దిగిన పొద్దున పిల్ల కళ్ళు తెరిచి, మాస్కు వేసుకుని నిలబడ్డ తండ్రిని చూసింది.

"నీకు తగ్గిందా నాన్నా?"

"తగ్గిందమ్మా."

"నావల్లే కదా నీకొచ్చింది? బడిలో నా పక్కపిల్లకి జలుబు. చెబితే దుప్పట్లోకి రానివ్వవని చెప్పలేదు." పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "సారీ నాన్నా."

ఊఁ అంటే చాలు, అతను ఒడ్డున పడతాడు. ఆ ఊఁ నాలుక చివరిదాకా వచ్చిందన్నది కూడా నిజమే. కానీ భార్య అక్కడే ఉంది, పిల్ల కళ్ళు తనమీదే ఉన్నాయి.

"కాదమ్మా. నాకు షాపులో అంటింది. అది మన జ్వరం కాదని తెలిసి కూడా నిన్ను రానిచ్చాను. తప్పు నాది."

పిల్ల కళ్ళు తుడుచుకుంది.

"మరి అంటేది కాదని హెడ్మాస్టరుతో పోట్లాడావుగా?"

"అది నిజమే. ఇది ఆ జ్వరం కాదు."

పిల్ల అలవాటుగా దుప్పటి అంచు ఎత్తింది. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు దించేసి, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"నువ్వా కుర్చీలో కూర్చో నాన్నా. కబుర్లు అక్కణ్ణుంచే చెప్పు."

అతను కుర్చీని గోడదాకా లాక్కుని కూర్చున్నాడు. ఎంత ఆలోచించినా ఒక్క కబురూ గుర్తు రాలేదు.