గేటు దగ్గర నిమ్మకాయలు

నేను ఒక తెల్ల కారుని. పేరు గువ్వ. భూమ్మీద ఏ కారైనా ఒక్కసారే పుడుతుంది. నేను మాత్రం ఒకే పొద్దున, టిఫిన్ల వేళకీ భోజనాల వేళకీ మధ్య, ఎన్నిసార్లు పుట్టానో నాకే లెక్క తప్పింది. పుట్టిన ప్రతిసారీ చప్పట్లు కొట్టారు. ఒక్కసారి కూడా ఎవరూ కొనలేదు.

అనంతపురం దాటాక, హైవే పక్కన వేరుశెనగ చేల మధ్య ఉండేది మా ఫ్యాక్టరీ. మంచి రోజుల్లో లైను మీద ముందున్న కారు కాస్త నెమ్మదిస్తే, ఇంకా సగమే తయారైన వెనక కారు హారన్ కొట్టేదట. నేను చూడలేదు, కానీ కాంటీన్లో అందరూ ఒట్టేసి చెప్పేవాళ్ళు. తర్వాత జనానికి ఎత్తు కార్ల మీద మోజు పట్టింది. ఇంట్లో ఉండేది ఇద్దరే అయినా, పెరట్లో ఏనుగంత బండి ఉండాలి. చిన్న కారు అడిగేవాళ్ళు తగ్గారు. బ్యాంకు మొహం తిప్పుకుంది. సామాను పంపేవాళ్ళు పంపడం మానేశారు. మూలమూలలా ఊడ్చి, దొరికిన ముక్కలన్నీ పోగేసి చివరగా ఒక్క కారు బిగించారు. ఆ ఊడ్చి పోగేసిన బిడ్డనే నేను.

లైను చివర తిప్పేస్వామి ఉండేవాడు. ప్రతి కారునీ నుదురు నిమిరినట్టు నిమిరి, ముందు చక్రం కింద ఒక నిమ్మకాయ పెట్టి గేటు దాటించడం ఆయన పని. కంపెనీ ఆయనకిచ్చిన పని నిమరడం వరకే. నిమ్మకాయ ఆయన సొంత చట్టం. ఒకసారి నిమ్మకాయలు అయిపోతే, సంతకెళ్ళిన మనిషి తిరిగొచ్చేదాకా పెద్ద యజమాని కారుని కూడా గేటు దగ్గరే ఎండలో నిలబెట్టాడు. యజమాని సగం కరిగిపోయాడని చెప్పుకుంటారు. మిగిలిన సగమే తర్వాత కంపెనీని నడిపిందేమో.

అలాంటి రోజుల్లో కబురొచ్చింది. పరిశ్రమల మంత్రి వచ్చి, ఫ్యాక్టరీని కళ్ళారా చూసి, సాయం చెయ్యాలో వద్దో చెప్తాడట. ప్రభుత్వ ఆఫీసులకు మా కార్లే కొంటామని ఒక్క మాటంటే లైను కదులుతుంది. అనకపోతే గేటుకు తాళం.

కాంటీన్లో వాదన మొదలైంది. సీట్లు కుట్టే చౌడక్కది ధర్మవరం, నేతవాళ్ళ ఇల్లు.

"మా నాయన మగ్గం నిలిచిపోయినప్పుడు యా మంత్రి వచ్చినాడప్పా?" అంది. "చీరకు లేని సాయం కారుకెందుకియ్యాల?"

"నీకు పెట్టలేదని నాకూ వద్దంటావా?" అన్నాడు తిప్పేస్వామి.

"వద్దనల్యా. నోరు తెరిచి అడుగు అంటాండా. మా నాయన అడగల్యా. మగ్గం మీద తెల్ల పంచె కప్పి, ఎవరొచ్చినా బాగుండామని చెప్పేవాడు. నువ్వట్ల చెయ్యొద్దు. ఖాళీ లైను ఉన్నది ఉన్నట్టు చూపియ్యి."

తిప్పేస్వామి టీ గ్లాసు కింద పెట్టాడు. "ఇంటికొచ్చినోనికి ఖాళీ చెంబు చూపిస్తామా అక్కా? చచ్చిన ఫ్యాక్టరీకి ఎవడిస్తాడు? కదుల్తా ఉంటేనే కదా ఇంకొంచెం తోద్దామనిపిచ్చేది."

చుట్టాలొస్తున్నారంటే పక్కింటి కుర్చీలు తెచ్చుకుని వేసే మనుషులు వీళ్ళు. అందరికీ తిప్పేస్వామి మాటే నచ్చింది. మేనేజరు దివాకర్ కూడా తలూపాడు. చౌడక్క గొణుక్కుంటూనే నాకు రంగురంగుల సీటు కవర్లు కుట్టింది.

మంత్రి వచ్చాడు. గేటు పక్కన షామియానా కింద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. లోపల మిషన్లన్నీ ఖాళీగానే తిప్పారు. చప్పుడుకి పక్క చేలల్లో వేరుశెనగలు భూమిలోనే వేగిపోయాయి. నేను లైను దిగాను. నిమ్మకాయ తొక్కాను. గేటు దాటి, గోడ వెంబడే తిరిగి, వెనక గేటులోంచి లోపలికొచ్చాను. సీటు కవరు మార్చారు. డ్రైవరు మారాడు. డ్రైవర్లకేం కొరత, ఫ్యాక్టరీ అంతా పని లేకుండానే ఉంది. మళ్ళీ పుట్టాను.

"అన్నీ తెలుపేనా?" అని అడిగాడు మంత్రి.

"జనం తెలుపే అడుగుతున్నారు సార్," అన్నాడు దివాకర్.

మంత్రి నా బానెట్ మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు. "వేడిగుండాదే."

"ఇప్పుడే పుట్టింది కదా సార్."

అంతా సజావుగానే సాగింది. ఒక్కటే పొరపాటు. దొంగ కారైనా సరే, నిమ్మకాయ లేకుండా గేటు దాటించడానికి తిప్పేస్వామికి చెయ్యి రాలేదు. నేను పుట్టిన ప్రతిసారీ ఒక కాయ పెట్టాడు. గేటు ముందు తారు కనబడకుండా నిమ్మ తొక్కలే పరుచుకున్నాయి.

"ఇదేంది, ఊరగాయ పెడతాండారా?" అన్నాడు మంత్రి.

"కారుకొక కాయ సార్. మా పద్ధతి," అన్నాడు తిప్పేస్వామి.

మంత్రి వేలితో లెక్కపెట్టబోయి మధ్యలో మానేశాడు. "పొద్దున్నుంచీ ఇన్ని కార్లా?"

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. కానీ తిప్పేస్వామి ఛాతీ కాస్త పొంగింది. "ఈరోజు తక్కువే సార్," అన్నాడు.

మంత్రి మైకు తీసుకున్నాడు. "ఏడుపు మొహాలు చూడాల్సొస్తాదని భయపడుతూ వచ్చినా. ఇక్కడ చూస్తే పెండ్లి ఇల్లు మాదిరి ఉండాది. సాయమనేది మంచం పట్టినోళ్ళకు చెయ్యాల. పరిగెత్తేవాళ్ళకు కాదు. మీకిస్తామనుకున్నది మంచం పట్టిన ఇంకో ఫ్యాక్టరీకి ఇస్తాం. మీకు మాత్రం మా అభినందనలు."

అందరూ చప్పట్లు కొట్టారు. తిప్పేస్వామీ కొట్టాడు. కొడుతూ కొడుతూ, మాట లోపలికి దిగాక, రెండు చేతులూ గాల్లోనే ఆగిపోయాయి.

చౌడక్క వెనక నుంచి ఆయన మోచెయ్యి పొడిచింది. "ఇప్పుడన్నా చెప్పప్పా. ఉన్నది ఒకే కారని చెప్పు."

మంత్రి ఆయన ముందుకే వచ్చి భుజం తట్టాడు. తిప్పేస్వామి నోరు తెరిచాడు. లోపలున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి, నాకు కనబడుతూనే ఉంది.

"భోంచేసి పోండి సార్," అన్నాడు.

మంత్రి భోంచేశాడు. పూర్ణం ఓళిగలు బాగున్నాయన్నాడు. ఆయన కారు వెళ్ళేటప్పుడు దాని చక్రం కింద కూడా తిప్పేస్వామి నిమ్మకాయ పెట్టాడు.

ఆ వేరుశెనగ పీకే లోపే గేటుకు తాళం పడింది. మిషన్లు లారీలెక్కి ఎక్కడికో పోయాయి. చౌడక్క ధర్మవరం వెళ్ళి జాకెట్లు కుడుతోందట. తిప్పేస్వామికి మాత్రం పని దొరికింది. అదే ఫ్యాక్టరీకి కాపలా. కాపలా కాయడానికి మిగిలింది నేనే. నా బ్యాటరీ ఎవరో తీసేశారు, చక్రాల్లో గాలి దిగిపోయింది. మధ్యాహ్నం ఆయన నా ముందు సీట్లో కూర్చుని సంగటి తినేవాడు. చేతులు కడుక్కొచ్చి స్టీరింగు పట్టుకునేవాడు. ఎటూ తిప్పేవాడు కాదు.

"సాయమియ్యాల్నా వద్దా అనేది పెద్దోళ్ళ మాట," అన్నాడొకసారి నాతో. "మేం అడగనే లేదు కదా గువ్వా."

స్టీరింగు మధ్యలో ఒకసారి నొక్కి చూశాడు. హారన్ మోగలేదు.

మొన్న పాత ఇనుము లారీ వచ్చింది. నన్ను తాళ్ళతో పైకి లాగి, వెనకవైపు మొహం పెట్టించి కట్టారు. డ్రైవరు బండి తీయబోతుంటే తిప్పేస్వామి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక్క నిమిషం ఆగప్పా."

చొక్కా జేబులోంచి నిమ్మకాయ తీశాడు. లారీ చక్రం కింద పెట్టాడు. చిన్న చప్పుడైంది. గేటు దాటాను.

లారీ గోడ వెంబడే తిరిగింది. నాకు బాగా తెలిసిన దారి. లోపల్నుంచి ఎవరో పరిగెత్తుతున్న చప్పుడు. గోడ అయిపోయేసరికి వెనక గేటు బార్లా తెరిచి ఉంది. తిప్పేస్వామి ఒగరుస్తూ తలుపు పట్టుకుని నిలబడ్డాడు, ఆ పొద్దుటిలాగే నేను లోపలికొస్తానన్నట్టు నాకు దారిచ్చి.

లారీ నెమ్మదించలేదు. వెనక్కి తిరిగి ఉన్నాను కాబట్టి చాలాసేపు కనబడ్డాడు. గేటు మాత్రం మూయలేదు.