ఆసుపత్రి గుమ్మం ముందు ఆగిన బండి

నేను అమ్మవారి బండెక్కి కూర్చున్న సంగతి బిలాస్‌పూర్ రైల్వే బస్తీలో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. పూనకం వచ్చి ఎక్కిందని కొందరు, పేరు కోసం ఎక్కిందని కొందరు. పూనకమూ లేదు, నా బొందా లేదు. నాకు కోపం వచ్చింది, అంతే. ఎక్కినదాన్ని నేను కాబట్టి జరిగింది జరిగినట్టు నేనే చెబుతాను. మధ్యలో ఎవరూ అడ్డు రాకండి.

జపాను ఓడిపోయి యుద్ధం ముగిసిన ఏడాది అది. మా ఆయన ఎర్రయ్య అంతకుముందే బర్మా సరిహద్దు నుంచి తిరిగొచ్చేశాడు. అక్కడ అడవుల్లో పట్టాలు వేసే పటాలంలో ఉండగా బాంబు పడి కుడి పిక్కలో ఇనుప ముక్కలు దిగాయి. కొన్ని తీశారు, కొన్ని లోపలే ఉండిపోయాయి. చేతికో కర్ర, జేబులో ఓ పతకం ఇచ్చి ఇంటికి పంపేశారు. లోపల ఉండిపోయిన ముక్కలు ఊరుకుంటాయా? పుండు మానినట్టే మానేది, మళ్ళీ చీము పట్టేది. వారం వారం ధర్మాసుపత్రికి వెళ్ళి కట్టు కట్టించుకోవాలి. అక్కడి డాక్టరు బాబు మంచి మనిషి. ముక్కలు కోసి తీసేయాలని, తీశాక కొన్నాళ్ళు మంచం దిగకూడదని, ఆలస్యం చేస్తే మోకాలి కింద కాలే ఉండదని మాకు వచ్చీరాని హిందీలో అర్థమయ్యేదాకా చెప్పాడు.

చెప్పడం బాగానే ఉంది, సెలవు ఎవరిస్తారు? మా ఆయన పని ఇంజన్ల షెడ్డు పక్కన బొగ్గు దిబ్బ దగ్గర. బొగ్గు ఎత్తే కూలీలకు పారలు, తట్టలు ఇచ్చి పుచ్చుకోవడం, విరిగిన పారకు కొత్త కర్ర బిగించడం. స్టూలు మీద కూర్చుని చేసే పని. ఆ పని పెట్టించిన బొగ్గు కాంట్రాక్టరు త్రినాథరావు పరాయివాడేం కాదు, మా విజయనగరం వైపు మనిషే. ఆయన తండ్రీ మా మామగారూ కలిసి ఇదే దిబ్బ దగ్గర తట్టలు మోశారు. నాలుగు డబ్బులు కళ్ళచూశాక త్రినాథరావుకు అవన్నీ మరుపున పడ్డాయి.

పెళ్ళని చెప్పి సొంతూరు వెళ్ళిన కూలీ ఇష్టమొచ్చినప్పుడు తిరిగొస్తే త్రినాథరావు పళ్ళికిలించి పనిలో పెట్టుకునేవాడు. మా ఆయన ఒక్క పూట ఆసుపత్రికి వెళ్ళొచ్చేసరికి ఆ స్టూలు మీద ఇంకో మనిషి కూర్చుని ఉన్నాడు. బతిమాలగా బతిమాలగా మళ్ళీ రానిచ్చాడు. రానిస్తూ అందరిముందూ అన్నాడట.

"కుంటోడివని జాలిపడి పెట్టుకున్నాను, ఎర్రయ్యా. రెండు కాళ్ళున్నోడు చుట్టీ అడిగితే అచ్ఛా, మళ్ళీ వచ్చి తట్ట మోస్తాడు. నువ్వు చుట్టీ అడిగితే నాకేటి లాభం? ఇంకోసారి ఆసుపత్రి అన్నావంటే ఇంక ఇంటికాడే కూకో."

చుట్టీ అంటే సెలవు, మా బస్తీలో అందరి నోటా అదే మాట. త్రినాథరావు అన్నది విన్న రాత్రి నాకు ఒళ్ళు మండిపోయింది. "నానెల్లి అడుగుతాను మావా, ఆ కాలు ఎందుకు అలాగయినాదో ఆడికి తెల్దా?" అన్నాను.

"వద్దే సిన్నతల్లీ. ఈ పని పోతే ఈ కాలు సూసి ఇంకెవుడిస్తాడు పని?" అన్నాడు.

బాంబులకు బెదరని మనిషి ఒక చెక్క స్టూలు కోసం బెదిరిపోయాడు. ఆసుపత్రి మానేశాక వేడినీళ్ళతో, గుడ్డపీలికలతో నేనే కట్టు కట్టేదాన్ని. వాసనకు నేను మొహం తిప్పుకుంటానేమోనని ఆయనే ముందు గోడవైపు తిరిగిపోయేవాడు.

అలాంటి రోజుల్లో వచ్చింది విక్టరీ పండగ. స్టేషనంతా కాగితం జెండాలు. రైల్వే మైదానంలో పెద్ద సభ అనీ, బడా సాహెబు వస్తాడనీ, పిల్లలకు మిఠాయి పంచుతారనీ ఒకటే గోల. ముందురోజు పొద్దున్నే త్రినాథరావు గొడుగేసుకుని మా గుడిసె ముందు దిగాడు. మొహం నిండా నవ్వు.

"ఎర్రయ్యా, రేపు నీకు చుట్టీ. కూలి కూడా ఇచ్చేస్తాను. యూనిఫారం ఏసుకుని మెడల్ పెట్టుకో. మన అమ్మోరి బండి కట్టించి, నిన్ను కూకోబెట్టి, మైదానం దాకా ఊరేగించుకుని తీసుకెల్తాను. నా దగ్గర ఇలాంటి వీరుడున్నాడని సాహెబు సూడాల."

అసలు సంగతి బస్తీలో అందరికీ తెలుసు. ఆయన బొగ్గు కాంట్రాక్టు గడువు తీరబోతోంది. మళ్ళీ ఇవ్వవలసినవాడు ఆ సాహెబు.

"ఆసుపత్రికి నేని చుట్టీ ఊరేగింపుకి ఎక్కణ్ణించి పుట్టింది బాబూ?" అన్నాను.

"అది ఏరు, ఇది ఏరు," అని నవ్వేసి వెళ్ళిపోయాడు.

ఇక్కడ మా బండి గురించి ఒక్క ముక్క చెప్పాలి. మా బస్తీ తెలుగువాళ్ళం ఏటా అమ్మవారి సంబరం చేసి, రంగులేసిన ఎద్దుబండి మీద తల్లి ఘటాన్ని ఊరేగిస్తాం. దానికి మా పెద్దలు పెట్టిన కట్టుబాట్లున్నాయి. బండి ఎవరి గుమ్మం ముందు ఆగితే ఆ ఇంటివాళ్ళు బయటికొచ్చి, చక్రానికి పసుపునీళ్ళు పోసి ఎదుర్కోవాలి. అంతవరకూ ఎద్దు అడుగు వేయకూడదు. కట్టిన బండి ఖాళీగా పోకూడదు. ఇవన్నీ చూసుకునేది డప్పు వాయించే పోలయ్య తాత. ఆ తాత నడక దరువు కొడితేనే బండి నడవాలి, ఆగుడు దరువు ఎత్తుకున్నా, డప్పు మానినా ఆగాలి. త్రినాథరావుకు బస్తీలో అంత అందమైన బండి ఇంకోటి దొరక్క దీన్నే కట్టించాడు.

మర్నాడు వాన వెలిసి ఎండ కాసింది. నిజం చెప్పొద్దూ, నాకూ సంబరంగానే ఉంది. నా మొగుడు ఖాకీ బట్టలు వేసుకుని, మెడలో బంతిపూల దండతో బండి మీద కూర్చుంటే బస్తీ బస్తీ అంతా వెంట నడిచింది. డప్పులు అదిరిపోతున్నాయి. ఆడవాళ్ళు సంబరానికి తెచ్చినట్టే చెంబుల్లో పసుపునీళ్ళు తెచ్చుకున్నారు. త్రినాథరావు తల్లి మంగాయమ్మ నా పక్కనే నడుస్తూ, "నీ మొగుడు దొరబాబునాగున్నాడే," అంది. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

బజారు దాటాక రోడ్డు గుంతలమయం. బండి ఎగిరెగిరి పడుతోంది. నేను తలెత్తి చూస్తే మా ఆయన పళ్ళు బిగించి నవ్వుతున్నాడు. మొహం పాలిపోయింది. కాలివైపు చూశాను. సిపాయిలాగా కనపడాలని త్రినాథరావు దగ్గరుండి బిగించి చుట్టించిన ఖాకీ పట్టీ పిక్క దగ్గర తడిసి నల్లగా అయిపోయింది. వాన నీళ్ళు కావు.

ఎదురుగా ధర్మాసుపత్రి గేటు. నేను ఏం ఆలోచించానో నాకే తెలియదు. పరుగెత్తి ఎద్దుల ముందుకెళ్ళి ముకుతాడు పట్టుకుని లాగేశాను. బండి టక్కున ఆగిపోయింది.

పోలయ్య తాతకు చూపు ఆనదు. బండి ఆగిందని తెలియగానే అలవాటు కొద్దీ ఆగుడు దరువు ఎత్తుకున్నాడు. "ఎవురి గుమ్మమే ఇది?" అని అడిగాడు.

"ఆసుపత్రిది తాతా," అన్నాను.

"అయితే ఆల్లని ఎదురు రమ్మని సెప్పు."

ముందు నుంచి త్రినాథరావు గొడుగు ఊపుకుంటూ వచ్చాడు. "ఏటిది? సాహెబు వచ్చీసినాడు. తోలండి, తోలండి."

"గుమ్మం ముందు ఆగిన బండి ఎదురు రాకుండా ఎలా కదుల్తాది బాబూ?" అన్నాడు తాత, దరువు ఆపకుండా. "మీ అమ్మ సెప్పనేదా?"

"నాను సెప్పినాను. ఆడికి ఎక్కితేగా," అంది మంగాయమ్మ. ఆడవాళ్ళందరూ గొల్లుమన్నారు.

ఆ గోలకు డాక్టరు బాబు మెట్లు దిగి వచ్చాడు. ఎవరో ఆయన చేతిలో చెంబు పెట్టారు. పాపం ఆయన తెల్లబోయి, అందరూ చూపించినట్టే చక్రం మీద పసుపునీళ్ళు పోశాడు. తల పైకెత్తి మా ఆయన్ని గుర్తుపట్టాడు. బండెక్కి పట్టీ విప్పాడు. లోపల కాలు ఉబ్బి నిగనిగలాడుతోంది. దగ్గరున్నవాళ్ళ నవ్వులన్నీ ఆగిపోయాయి.

"అందర్ లాఓ. అభీ," అన్నాడు డాక్టరు. వెంటనే లోపలికి తెమ్మన్నాడు. ఈ పూటే కోసి ముక్కలు తీయాలి, రేపటిదాకా ఆగితే కాలు ఇక దక్కదు అన్నాడు.

నలుగురు చేతులేశారు. మా ఆయన బండి కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. వదలడు. "వద్దే సిన్నతల్లీ. సభ అయిపోనీ. పని తీసేస్తాడే," అని నన్ను బతిమాలుతున్నాడు.

త్రినాథరావు ఊరుకోవచ్చుగా, ఊరుకోలేదు. "దిగినావంటే రేపట్నించి దిబ్బ దగ్గర కనపడకు," అనేశాడు. బస్తీ మొత్తం విన్నది. కన్నతల్లీ విన్నది.

నేను మా ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాను. "ముందు నీ కాలు మావా, తరువాతే కూడు," అని చెప్పి దింపించాను. వాళ్ళు లోపలికి మోసుకుపోయారు. తలుపు మూశారు. నన్ను బయటే ఉండమన్నారు.

ఇప్పుడు చూడాలి త్రినాథరావు అవస్థ. వీరుడు లేడు, బండి ఖాళీ. మైదానంలో బ్యాండు మోగడం ఇక్కడికే వినపడుతోంది. ఒక కూలీని రెక్క పట్టుకుని బండెక్కించబోయాడు. పోలయ్య తాత డప్పు కింద పెట్టేశాడు.

"బండి ఎవుడికి కట్టినామో ఆడింటి మనిసే కూకోవాల. నేకపోతే నాను కొట్టను. అరిష్టం," అన్నాడు.

తాత కొట్టకపోతే బండి నడవదు, బస్తీ కదలదు. అందరి కళ్ళూ నా వైపు తిరిగాయి. త్రినాథరావు కూడా తిరిగాడు. ఇందాక పని పీకేస్తానన్న నోరే కాళ్ళబేరానికి దిగింది.

"సిన్నతల్లీ, ఎక్కు తల్లీ. నా పరువు నీ సేతుల్లో ఉంది."

నేను బండి కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. బస్తీ అంతటికీ వినపడేలా చెప్పాను.

"ఎక్కుతాను. ముందు మీరు ఈ అమ్మోరి బండి మీద సెయ్యెయ్యండి. డాక్టరు బాబు ఎన్నాళ్ళు పడుకోమంటే మా మావ అన్నాళ్ళూ పడుకుంటాడు. లేచినాక వారం వారం కట్టుకి ఎల్తాడు. ఎన్నిసార్లెల్లినా పని ఆడిదే. పెళ్ళికెల్లే రెండు కాళ్ళోడికి ఇచ్చిన చుట్టీ, యుద్ధంలో కాలు పోగొట్టుకుంటున్నోడికి ఇయ్యనేరా? ఇస్తానని సెప్పండి."

ఆయన బండి మీద చెయ్యేసి ఏదో గొణిగాడు.

"గట్టిగా," అంది మంగాయమ్మ.

"ఇస్తాను," అన్నాడు త్రినాథరావు.

"ఏటిస్తావో సెప్పు. నాకు సెవుడు నేదు గానీ ఇక్కడ సెవిటోల్లున్నారు."

కన్నతల్లి ఎదురుగా, అమ్మవారి బండి మీద చెయ్యేసి, నేనన్న మాటలన్నీ ఒక్కొక్కటీ అప్పజెప్పాడు. మొహం మాడిపోయింది. పోలయ్య తాత డప్పు చంకకెత్తుకున్నాడు. నేను కొంగు బిగించి బండెక్కాను.

ఆ బండి నడిచినంత దూరం నేను ఎప్పటికీ మర్చిపోను. మా ఆయన వదిలేసిన దండ మంగాయమ్మే నా మెడలో వేసింది. బస్తీ పిల్లలు చక్రాల వెంట పరుగులు. ఆడవాళ్ళు ఈలలు వేశారంటే నమ్ముతారా, వేశారు. ఆసుపత్రిలో మా ఆయన కాలు ఏమవుతుందోనని ఒకపక్క ప్రాణం కొట్టుకుంటోంది, ఇంకోపక్క ఎవరో నన్ను గాల్లో ఎత్తుకున్నట్టుంది. రెండూ ఒకేసారి ఉంటాయని నాకు ఆ రోజే తెలిసింది.

మైదానంలో సాహెబు నన్ను చూసి నోరు వెళ్ళబెట్టాడు. సిపాయి ఏడని అడిగించాడు. త్రినాథరావు చేతులు కట్టుకుని, అతను ఆసుపత్రిలో ఉన్నాడని, తానే సెలవిచ్చి పంపానని హిందీలో ఎంత తియ్యగా చెప్పాడో. సాహెబు మెచ్చుకుని భుజం తట్టాడు.

నేను ఊరుకుంటానా? "హాఁ సాహెబ్," అన్నాను, నాకొచ్చిన హిందీలోనే. "ఔర్ హర్ హఫ్తే ఛుట్టీ దేగా. అభీ కసమ్ ఖాయా." ప్రతి వారం ఇస్తానని ఇప్పుడే ఒట్టు పెట్టాడని చెప్పేశాను. సాహెబు తలాడించి, ఎర్రయ్య లేచి తిరిగాక దిబ్బ దగ్గరికే వచ్చి చూస్తానన్నాడు. త్రినాథరావు కూడా తలాడించాడు, ఇంకేం చేస్తాడు.

మిఠాయి కూడా తీసుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తాను. పొద్దువాలుతోంది. డాక్టరు బాబు గుమ్మంలోనే ఎదురొచ్చి కాలు దక్కిందన్నాడు. నేను అక్కడే గోడకు చేరగిలబడి ఏడ్చేశాను.

మా ఆయనకు మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. నన్ను చూడగానే, "పని పోయిందా?" అన్నాడు.

"నేదు మావా. నీదే." జరిగిందంతా చెప్పాను. పక్క మంచాల మీదివాళ్ళు నవ్వుతుంటే ఆయన మాత్రం నా మొహంలోకే చూస్తున్నాడు, నమ్మలేనట్టు.

అంతలో షెడ్డు బూర కూసింది, రాత్రి డ్యూటీ వాళ్ళను రమ్మని. ఆ కూత వినగానే మా ఆయన రెండు చేతులూ మంచం మీద ఆన్చి లేవబోయాడు. కాలికి అంత కట్టు ఉందని కూడా చూసుకోలేదు. నేను గుండె మీద చెయ్యేసి ఆపాను.

"పడుకో మావా. నీకు చుట్టీ."

ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. ఈసారి గోడవైపు తిరగలేదు. నా చెయ్యి అలాగే పట్టుకుని, బూర కూత ఆగకముందే నిద్రపోయాడు.