యాక్సిస్ కింద రాలిన చుక్కలు

నూజివీడులో మామిడితోటల మందులమ్మే కంపెనీ ఆఫీసుకి, గ్రాఫులు గీసే స్వాతి వచ్చేసరికి, పొద్దున్నే కృష్ణవేణి చీపురు పట్టుకుని సణుగుతూ ఉంటుంది. గ్రాఫుల్లోంచి రాలిన చుక్కలు ఊడవడం ఆవిడ పని. ఇంతనుంచి ఇంతవరకే అని లిమిట్ పెట్టి యాక్సిస్ కాస్త బిగించారో లేదో, అందులో పట్టని చుక్కలన్నీ స్క్రీను కిందనుంచి ఆవాల్లా టేబుల్ మీదికి రాలతాయి.

"జూమ్ చేసుకోండమ్మా, లిమిట్లు పెట్టకండి. ఊడవలేక చస్తున్నాను," అంటుందావిడ.

నిజమే మరి. జూమ్ చేస్తే చుక్క కనపడదంతే, లెక్కలో ఉంటుంది. లిమిట్ పెడితే రాలిపోతుంది, గ్రాఫు మీది గీత కూడా ఆ చుక్కని మర్చిపోతుంది. ఈ తేడా స్వాతికి నేర్పింది హర్ష బావే. మేనత్త కొడుకు, వచ్చే నెలలో మొగుడు కాబోయేవాడు. కంపెనీలో అమ్మకాలన్నీ అతని చేతిమీదే నడుస్తాయి.

ఆ రోజు స్వాతి ముసునూరు తోటల గ్రాఫు తెరిచింది. పూత ఎక్కువ రావడానికని కంపెనీ అమ్మే కొత్త మందు పోసిన మామిడిచెట్లు ఏ ఏడు ఎంత కాశాయో చూపించే గ్రాఫు అది. తెరవగానే గుప్పెడు చుక్కలు జలజలా కీబోర్డు నిండా పడ్డాయి. డేటా తీసేశానంటూ ప్రోగ్రాం ఎర్రక్షరాల్లో మొత్తుకుంది.

డేటాలో ఖాళీ గళ్లున్నాయేమోనని వెతికింది. లేవు. తను రాసిన లైన్లన్నీ చదువుకుంది. బాగానే ఉన్నాయి. చివరికి ఆఫీసులో అందరూ వాడే సెట్టింగుల ఫైల్లో దొరికింది. నిలువు యాక్సిస్ సున్నా దగ్గర కాకుండా, బాగా కాసిన చెట్ల దగ్గర మొదలవుతోంది. మార్చినవాళ్ల పేరు దగ్గర హర్ష అని ఉంది. సున్నాకి దించేసరికి చుక్కలు లేచి గబగబా వాటి చోట్లకి వెళ్లిపోయాయి. అంతదాకా పైకి ఎగబాకిన గీత చతికిలబడింది. మందు పోసిన చెట్లకి కాపు ఉడిగిపోతోంది.

"బావా, యాక్సిస్ ఎందుకు మార్చావు?"

"చూడ్డానికి నీట్‌గా ఉంటుందని. ఏంటి, అంత గొడవ?"

"చెట్లు పాడైపోతుంటే నీట్ ఏంటి? కింద నా పేరు వేసి ఊరూరా పంచావు. మా నాన్న ఇవాళే మందు పోస్తున్నాడు!"

"నీ పేరుంటేనే కదా మామయ్య నమ్మేది," అని నవ్వి, వంగి పాత లిమిట్ మళ్లీ కొట్టాడు. చుక్కలు మళ్లీ రాలాయి.

స్వాతికి ఒళ్లు భగ్గుమంది. ఇన్నాళ్లూ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది ఇందుకా? ఛీ! నమ్మించి గొంతు కోశాడు. అదీ తన పేరుతోనే, కన్నతండ్రికే. చుక్కలన్నీ టిఫిన్ బాక్సులోకి ఊడ్చుకుని స్కూటీ ఎక్కింది.

ఆగిరిపల్లి తోటలో గంగరాజు చెట్లకి పాదులు తవ్వించి, డ్రమ్ములో నీళ్లు నింపి, మందు డబ్బా మూత తిప్పుతున్నాడు.

"ఆగు నాన్నా!"

"ఏంటమ్మా? నువ్వు చెప్పిన మందే కదా," అంటూ చొక్కా జేబులోంచి గ్రాఫు కాగితం తీశాడు.

"ఈ మందు పోసి కాపు పోయిన చెట్లివి నాన్నా, గ్రాఫులో కనపడకుండా చేశారు," అంటూ స్వాతి బాక్సు మూత తీసింది. చుక్కలు లేచి కాగితం మీద చోటు వెతుక్కున్నాయి. వాటి చోటు యాక్సిస్ కింద, సరిగ్గా స్వాతి పేరు అచ్చేసిన చోట. అక్కడే గుంపుగా వాలాయి. పేరులో ఒక్క అక్షరం కూడా కనపడలేదు. పైన గీత మెల్లగా కిందికి వంగింది.

"ఎవరమ్మా ఇలా చేసింది?"

"బావ."

"మా అక్క కొడుకా..." అంటూ గంగరాజు డబ్బా మూత గట్టిగా బిగించేశాడు.

స్వాతి వేలికున్న నిశ్చితార్థం ఉంగరం లాగి ఆయన చేతిలో పెట్టింది.

"డబ్బాలు తిరిగిచ్చేటప్పుడు ఇది కూడా ఇచ్చెయ్యి నాన్నా."