ఇసుకమేట మీద జోజి

జోజి శవాన్ని ఏరు దాటించిన రోజున, పడవ ఎలాగూ వెళ్తోంది కదా అని నేను అందులో ఇరవై బస్తాల సిమెంటు వేయించాను. వ్యాపారంలో ఇది తప్పు కాదు. ఖాళీగా తిరిగినా నిండుగా తిరిగినా పడవ తాగే డీజిలులో పెద్ద తేడా ఉండదు. పైగా అది పర్మిట్టు మీద మూడు నెలలకు దొరికిన సిమెంటు. అవతలి ఒడ్డున మేస్త్రీ గోడలు సగంలో ఆపి కూర్చున్నాడు.

అది యాభై ఎనిమిది ఆగస్టు, ఆదివారం. జోజి కార్ఖానాలో ఫిట్టరు, ఉండేది ఇవతలి ఒడ్డున కద్మాలో. డ్యూటీ దిగాక నా పడవ ఇంజన్ చూసేవాడు. ఒకప్పుడు పిండిమర తిప్పిన ఆ పాత డీజిలు ఇంజన్‌ను నా ఇసుక పడవకు బిగించింది అతనే. దాని గుణం అతనికి తప్ప ఎవరికీ తెలియదు. పదకొండు రోజులు టైఫాయిడ్‌తో పడి ఉండి శుక్రవారం తెల్లవారుజామున పోయాడు. తమ్ముడు తోమాస్ భీమిలి నుంచి రావాలని ఇంటివాళ్లు రంపపు పొట్టు, ఐసు మధ్య శవాన్ని ఉంచారు. తోమాస్ బండి దిగేసరికి ఆదివారం పది గంటలు. ఇంక ఒక్క పూట కూడా ఉంచే వీలు లేదు.

జోజి భార్య జయమణి అడిగింది ఒక్కటే. నాలుగేళ్ల కిందట పోయిన వాళ్ల పాప అవతలి ఒడ్డున సమాధుల తోటలో ఉంది. ఆ పాప పక్కన పెట్టమని జోజి జ్వరంలో చెప్పాడట. మాంగో వంతెన మీదుగా చుట్టి వెళ్దామంటే నాలా పొంగి దారి తెగింది. ఇద్దరు కూలీలు పొద్దున్నే వెళ్లి గొయ్యి తవ్వారు. ఊట పడుతోంది, తోడుతూ ఉన్నాం, సాయంత్రం దాటితే నిలవదని కబురు పంపారు. పడవ నాది. ఇస్తానన్నాను. అంతవరకు బాగానే ఉంది.

రేవులో పెట్టె దించుతుంటే, చుక్కాని పట్టే వరహాలు బస్తాలు చూసి ఆగాడు.

"బాబూ, ఏటీ బస్తాలు? శవాన్ని ఎక్కిత్తన్నాం కదా."

"బస్తాల మీద పెడితే ఎత్తుగా ఉంటాది, పెట్టెకి తడి తగలదురా," అన్నాను.

జయమణి విన్నది. బస్తాల మీద టార్పాలిన్ పరిచి, దాని మీద పెట్టె పెట్టి, పైన నల్ల సిలువ కుట్టిన తెల్లగుడ్డ కప్పారు. మోసే మనుషులు ఆరుగురు, జయమణి, తోమాస్, వరహాలు, నేను. పడవ రోజూ కంటే జానెడు లోతుగా మునిగింది.

వరద తీసిన ఏట్లో ఇసుక చోటు మారుతుంది. నిన్న దారి ఉన్నచోట ఇవాళ మేట ఉంటుంది. రోజూ వేసే బరువైతే దాని మీదుగా జారిపోయేవాళ్లమే. నడి ఏట్లో అడుగున బరబరమని శబ్దమై పడవ ఒక్కసారి ముందుకు తూలి ఆగింది. పెట్టె జారుతుంటే ఆరుగురూ మీద పడి పట్టుకున్నారు. ఇంజన్ ఆగిపోయింది.

వరహాలు నీళ్లలోకి దిగి పడవ అడుగున తిరిగే పంకా చుట్టూ ఉన్న ఇసుక చేతులతో తోడాడు. పంకా తేలిగ్గానే తిరిగింది. హేండిల్ తిప్పితే ఇంజన్ అందుకుంది. రెండు నిమిషాలు ఆడి, దగ్గి, ఆగింది. ఇంజన్‌ను చల్లబరిచే నీటి గొట్టంలో ఇసుక ఉందేమోనని ఊది చూశాం. ఉంది. తీశాం. నీళ్లు ధారగా వచ్చాయి. మళ్లీ రెండు నిమిషాలు ఆడి మళ్లీ ఆగింది. టాంకీలో పుల్ల ముంచితే సగం దాకా డీజిలు తడి కనిపించింది.

"జోజి ఉంటే చిటికెలో చెప్పును," అనేశాను నోరు జారి.

"ఉన్నాడు కద బాబూ, మీ బస్తాల మీదే ఉన్నాడు. లేపి అడగండి," అన్నాడు వరహాలు. పదేళ్లుగా నా దగ్గర పని చేస్తున్నవాడు ఆ రోజు నా మొహం చూడకుండా మాట్లాడాడు.

తోమాస్ వాళ్ల ఊరి చర్చిలో ఉపదేశి. చేతులు జోడించి, "అందరం ఒకసారి ప్రార్థన చేసుకుందాం," అన్నాడు.

"సెయ్యండి గురువుగోరూ, ఆ హేండిల్ తిప్పుతా సెయ్యండి. నా సేతులు పడిపోనాయి," అన్నాడు వరహాలు.

అప్పుడు జయమణి పెట్టె దగ్గర్నుంచి లేచింది.

"టాంకీ అడుగు సూసేరా?"

"డీజిల్ ఉందమ్మా, చూశాను," అన్నాను.

"డీజిల్ కాదు సావుకారు బాబూ, అడుగు. నేల తగిలి ఆగిపోతే ఇంజన్ని తిట్టకండి, టాంకీ అడుగు సూడండి అనీవోరు. జొరంలో కూడా అదే గోల. దెబ్బకి అడుగునున్న మడ్డి లేచిపోద్దంట. లేచి గిన్నెలో గుడ్డకి పట్టేత్తాదంట. రెండు నిమిషాలు ఆడతాది, ఆ తరవాత..." అని ఆపేసింది.

టాంకీ కింది బిరడా విప్పాం. ముందు నీళ్లు, తరవాత తారులాంటి మడ్డి దోసెడు కారింది. టాంకీకీ ఇంజన్‌కీ మధ్య ఇనప గిన్నె ఒకటి ఉంటుంది. డీజిలును వడగట్టే ఉన్ని గుడ్డ అందులో ఉండాలి. విప్పితే ఉన్ని గుడ్డ లేదు. నాలుగు మడతలు పెట్టిన పాత నూలుగుడ్డ, నల్లగా పాచిలా అయిపోయి ఉంది. ఒక అంచున మాత్రం కొంచెం నీలం మిగిలింది.

"నా కోకే అది," అంది జయమణి. "ఉన్ని గుడ్డ తెమ్మంటే, సావుకారు ఈ సీజన్ పోనీ అంటన్నారు, నీ పాత కోకొకటి ఇయ్యి అన్నారు."

అన్నాను, నిజమే. మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ అదే చెప్పాను. కొత్తది తేవాలంటే కలకత్తా మనిషికి చెప్పాలి, పడవను రెండు రోజులు ఆపాలి. గుడ్డతో నడుస్తున్నదాన్ని ఎందుకు ఆపడం అనుకున్నాను. అప్పటికి ఆ లెక్క సరిగ్గానే కనిపించింది.

ఇప్పుడు గిన్నెలో పెట్టడానికి శుభ్రమైన గుడ్డ కావాలి. మా అందరి బట్టలూ బురదే. పొడిగా ఉన్నది పెట్టె మీది గుడ్డ ఒక్కటే. జయమణి దాని కొస పట్టుకుంది.

"వదినా! అన్నయ్య మీద కప్పిందది!"

"మీ అన్నయ్యకిప్పుడు గుడ్డ కాదు తోమాసూ, ఒడ్డు కావాల," అని పళ్లతో కొరికి సర్రున చింపింది. సిలువ ఉన్న ముక్క వదిలేసి, ఈవలి ముక్క మడతలు పెట్టి వరహాలు చేతిలో పెట్టింది. "గిన్నె మూసీసి, ఆ సన్న గొట్టం నట్టు వదులు సెయ్యండి. బుడగలు పోయీదాకా తిప్పండి. గాలుంటే అందుకోదు."

నురగలా వచ్చిన డీజిలు కాసేపటికి నిండుగా కారింది. నట్టు బిగించి తిప్పితే ఇంజన్ అందుకుంది. రెండు నిమిషాలు దాటాయి, ఐదు దాటాయి. ఆగలేదు. అప్పటికి టైము మూడున్నర.

ఇంజన్ నడుస్తోంది గాని పడవ మేట మీద నుంచి లేవలేదు. గెడలు వేసి తోసినా కదల్లేదు.

"ఇరవై బస్తాలూ ఏట్లో పడేయండి బాబూ. దూదిలాగ లేత్తాది," అన్నాడు వరహాలు.

అందరూ నా వైపు చూశారు. నేను మేట వైపు చూశాను. ముందు భాగంలో ఇరవై అడుగుల మేర ఇసుక నీళ్ల పైకి తేలి పొడిగా ఉంది. ఎగువన దల్మా కొండల మీద మబ్బు నల్లగా ఉంది గాని వాన ఇంకా ఇక్కడికి రాలేదు. పదిమందిలో ఎనిమిదిమంది దిగి, పెట్టె కూడా దిగితే పడవ లేస్తుంది. తడిసిన సిమెంటు రాయి. పెట్టెను ఇసుక మీద పావుగంట ఉంచితే ఎవరికీ నష్టం లేదు.

"అందరూ దిగండి," అన్నాను. "పెట్టె కూడా మేట మీదకి దింపుదాం. పావుగంట. పడవని లోతులో తిప్పి తెచ్చేత్తాను."

"అన్నయ్యనా? ఏటి మధ్యనా?" అన్నాడు తోమాస్.

జయమణి అందరికంటే ముందు దిగింది. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, "దింపండి," అంది. ఆ మాట బస్తాలకేసి చూస్తూ అంది.

అందరూ తోస్తే పడవ లేచింది. వరహాలు, నేను అందులో ఉన్నాం. లేవగానే ప్రవాహం లాక్కుపోయింది. ఇంజన్ బాగానే నడిచింది, కాని బరువుతో ఎదురు తిరగడానికి దాని బలం చాలలేదు. వంపు దాకా కొట్టుకుపోయి, అక్కడ ఒడ్డువార నెమ్మది నీళ్లు పట్టుకుని పాకుతూ వచ్చాం. పావుగంట అన్నది గంట దాటింది. ఈ లోపు కొండ వాన నీళ్లు వచ్చాయి.

దూరం నుంచి చూస్తే మేట కనిపించలేదు. నీళ్ల మీద నిలబడ్డట్టు మనుషులు కనిపించారు. ఆరుగురూ పెట్టెను భుజాల మీదకి ఎత్తుకుని ఉన్నారు. పక్కన జయమణి దాని మీద ఒక చెయ్యి వేసి నిలబడింది. పడవను వాళ్ల దగ్గరకు తీసుకెళ్తే మళ్లీ మేటకు తగులుకుంటుంది. వాళ్లే రొమ్ముల లోతు నీళ్లలో నడిచి వచ్చి పెట్టెను అందించారు. నన్ను ఒక్క మాట తిట్టినా బాగుండేది.

అవతల దిగి అరమైలు మోసుకుని సమాధుల తోట చేరేసరికి ఆరు కావస్తోంది. కూలీలిద్దరూ డబ్బాలు పక్కన పడేసి కూర్చున్నారు. గోతిలో నడుం లోతు నీళ్లు.

"ఏక్ ఘంటా పహలే ఆతే తో సూఖా థా, సేఠ్," అన్నాడు ఒకడు.

గంట ముందు వస్తే గొయ్యి పొడిగానే ఉండేదట. ఆ గంట ఎక్కడ పోయిందో అక్కడున్న అందరికీ తెలుసు.

మళ్లీ తోడాం. తోడినంతా ఊరింది. వెలుతురు తగ్గుతోంది. ఇంక ఆగి లాభం లేదని తాళ్లతో పెట్టెను దించారు. అది మునగలేదు. నీళ్ల మీద ఒక పక్కకి ఒరిగి తేలుతూ, పాప సమాధి వైపు గోడకి తగిలి, తిరిగి ఇటు వచ్చింది. పారతో వేసిన మట్టి మూత మీద నుంచి జారిపోతోంది. చుట్టూ ఒండ్రు మట్టే, బరువు పెట్టడానికి రాయన్నది లేదు. తోమాస్ చదువుతున్న వాక్యం మధ్యలో ఆపేశాడు.

"సావుకారు బాబూ," అంది జయమణి. "మీరు దిగండి. మా అందర్లో బరువైనోరు మీరే."

నేను చెప్పులు విప్పి, పంచె ఎగగట్టి గోతిలోకి దిగాను. మూత మీద రెండు కాళ్లూ వేసి నిలబడ్డాను. పెట్టె నా కింద మెల్లగా దిగింది. చెక్కల సందుల్లోంచి బుడగలు నా వేళ్ల మధ్యకి వచ్చాయి. "వెయ్యండి," అంది ఆమె. వాళ్లు నా కాళ్ల చుట్టూ మట్టి వేశారు. తోమాస్ మళ్లీ చదవడం మొదలుపెట్టాడు. వరహాలు పార పట్టాడు. జయమణి చేతులతోనే తోసింది. మట్టి పిక్కలు దాటి మోకాళ్ల దాకా వచ్చాక కింద పెట్టె కదలడం మానింది.

ఇంక ఎక్కండి అని ఆమె అంటే ఎక్కుదామని నేను అలాగే నిలబడ్డాను. ఆమె చాలాసేపు అనలేదు.