పట్టుబడి

చెరువు నీళ్ళకు ఇరవై తొమ్మిది డిగ్రీలు. గంగరాజుకు ఒక్కటీ లేదు.

థర్మామీటరును లుంగీకి తుడిచి పక్కన పెట్టాడు. గట్టు మీద గొంతుక్కూర్చుని, మేత ఎంత మిగిలిందో చూసే చెక్ ట్రేను పైకి లాగాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా నానీ నానీ వేళ్ళు పాలిపోయాయి. గోళ్ళ చుట్టూ చర్మం పొరలుగా లేచింది. పాదాల వేళ్ళ సందులు ఒరిసిపోయి ఎర్రగా ఉన్నాయి. ఒక రొయ్యను రెండు వేళ్ళతో పట్టి వెలుతురుకు ఎత్తాడు. వీపు పొడవునా పేగు నల్లటి గీతలా నిండుగా ఉంది. రొయ్య కడుపు నిండిందో లేదో ఆ లైన్లోనే తెలుస్తుంది. తన కడుపు నిండాలంటే గంగరాజే ఆన్‌లైన్లోకి వెళ్ళాల్సి వచ్చింది.

యజమాని అమరేశ్వరరావుకు కైకలూరులో మేతల కొట్టు, ఊరి బయట నాలుగు రొయ్యల చెరువులు. సరుకు కొనే కంపెనీ ఈ ఏడు కొత్త నిబంధన పెట్టింది. చెరువు రికార్డు మీద సంతకం పెట్టే సూపర్‌వైజరు డిగ్రీ వాడై ఉండాలట.

"ఏదో ఒక డిగ్రీ, గంగరాజూ. ఆన్‌లైన్‌దైనా పర్లేదు. చేరినట్టు కాగితం తెస్తే చాలు, ఆ కుర్చీ నీకే," అన్నాడాయన.

చేరడానికి గడువు ఇవాళ సాయంత్రం ఐదింటికి.

అన్నం క్యారేజీ తెచ్చిన భార్య మరిడమ్మను, చేరనా అని మరోసారి అడిగాడు.

"నలభై తొమ్మిదో ఏట చేతికొస్తది పట్టా. దాన్ని చదవడానికి కళ్ళజోడు కూడా కొనుక్కో," అంది.

"సూపర్‌వైజరైతే నీళ్ళలో దిగక్కర్లేదే."

"నీళ్ళలో దిగకపోతే ఏం చేస్తావయ్యా నువ్వు?"

అది అతనికీ తెలియదు. ఇంటర్ పాసైన వేసవిలో తండ్రి పోయాడు. 'చదువు'కూ 'చెరువు'కూ రాతలో పెద్ద తేడా లేదు. మొదటిది చేజారి రెండోదాంట్లో పడ్డాడు.

మరిడమ్మ అతని పాదాలు చూసింది. "సరే చేరు. ఆ కాళ్ళు ఒక్కసారన్నా ఆరితే చూడాలనుంది."

పదిన్నరకు ఆన్‌లైన్ డిగ్రీ కాలేజీకి ఫోన్ చేశాడు. హైదరాబాదు నుంచి అడ్మిషన్లు చూసే ఇందుజ పలికింది. పేరూ పుట్టిన తేదీ రాసుకుని అడిగింది.

"ఇరవై ఎనిమిదేళ్ళ గ్యాప్ ఉంది సార్. కారణం?"

"పట్టుబడులండీ."

కొల్లేటి పక్కన, పెరిగిన రొయ్యల్ని వలేసి పట్టి అమ్మడాన్ని పట్టుబడి అంటారు. హైదరాబాదులో దొంగలు మాత్రమే పట్టుబడతారు.

"ఎన్నిసార్లు సార్?" ఆమె గొంతు తగ్గింది.

"ఏడాదికి రెండు తప్పవండీ. ఒక్కోసారి మూడు."

"మీరొక్కరేనా?"

"ఒక్కణ్ణయితే ఎలాగండీ? పదిమందిమి ఉంటాం. తెల్లారేలోపు పని ముగించాలి."

"తర్వాత?"

"లారీ వస్తదండీ. ఎక్కించేస్తారు."

కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది.

"కేసులేవీ లేవని పోలీస్ సర్టిఫికెట్, నడవడిక మంచిదని మీ యజమాని లెటరు పంపండి సార్. ఐదు లోపల."

"అందరూ ఇవ్వాలాండీ?"

"మీరివ్వాలి సార్."

చదువంటే ఎంత పద్ధతో అని గంగరాజు ముచ్చటపడ్డాడు. చేరడానికి నిశ్చయించుకున్నది ఆ క్షణంలోనే. ఉతికిన చొక్కా వేసుకుని, ముందు లెటరు కోసం కొట్టుకు వెళ్ళాడు.

"పోలీసు కాగితమా? అందర్నీ అడిగారా?" అన్నాడు అమరేశ్వరరావు.

"లేదండీ. నన్నే ఇమ్మన్నారు."

అబద్ధమాడటం అతని సిలబస్‌లో లేదు. అమరేశ్వరరావు గల్లాపెట్టె మూశాడు. కిందటి నెల మూడో చెరువులో, నీళ్ళకు గాలి పట్టించే ఏరేటరు మోటారు రాత్రికి రాత్రే మాయమైంది. పోయిందని చెప్పినవాడు గంగరాజే. అదే ఇప్పుడు ఆయనకు వింతగా తోచింది.

"నిన్ను దొంగవని నేననను, గంగరాజూ. ఆ మాట నా నోట రాకూడదనే రేపట్నుంచి రావద్దంటున్నాను. టీ తాగి వెళ్ళు."

తాగాడు. గ్లాసు తనే కడిగి బోర్లించాడు.

బస్టాండు బల్ల మీద కూర్చుని ఉండగా, నాలుగూ నలభైకి ఇందుజ ఫోన్ చేసింది.

"సార్, మా ఆఫీసులో ఒకరిది తాడేపల్లిగూడెం. పట్టుబడి అంటే రొయ్యలు పట్టడమటగా. తెగ నవ్వుకున్నాం సార్. కాగితాలేవీ అక్కర్లేదు. సీటు ఖాయం చేసేయమంటారా?"

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి," అంటూ కొట్టుకు పరిగెత్తాడు. అమరేశ్వరరావు అంతా విని పడీపడీ నవ్వాడు.

"భలే పట్టుబడ్డావయ్యా. కానీ ఆ కుర్చీ ఇందాకే క్రాంతి కుమార్‌కు మాటిచ్చేశాను. ఆయనది పెంటపాడు, బీఎస్సీ. నువ్వు చేసే మేత పనికి కూడా ఆయన మనుషులే వస్తారట."

గంగరాజు వీధిలోకి వచ్చి ఫోను చెవిన పెట్టుకున్నాడు.

"ఇప్పుడు చదివితే ఉపయోగం ఉంటదాండీ?"

"కెరీర్‌లో చాలా ఎదుగుదల ఉంటుంది సార్. ప్రస్తుతం ఎక్కడ పనిచేస్తున్నారు?"

అతను కొట్టు బోర్డు వైపు తిరిగి చూశాడు.

"ఆ గడి ఖాళీగా వదిలితే ఫారం ముందుకు వెళ్ళదు సార్."

ఇంకా బోర్డు వైపే చూస్తున్నాడు. ఐదింటికి ఫారం మూసుకుపోయిందని ఆమె మర్యాదగా చెప్పి పెట్టేసింది.

మర్నాడు మొదటి బస్సుకు గంగరాజు, మరిడమ్మ ఉంగుటూరు వైపు వరినాట్లకు వెళ్ళిపోయారు. క్రాంతి కుమార్ మనుషులు, గంగరాజు కాపలా పడుకునే గట్టు మీది పాక ఊడ్చారు. తాటాకుల సందులో అతను దోపిన దువ్వెన ఎవరి కంటా పడలేదు. దాని పళ్ళలో రెండు తెల్ల వెంట్రుకలు, ఒక నల్లది.