కోడి ఎన్నిసార్లు కూసింది

నేను ఒక పాలపొడి డబ్బాను. అది నా పుట్టుక సంగతి. ఏం పని చేస్తావని అడిగితే మాత్రం, కోడిని.

నవ్వకండి. మనవడు పాలు తాగేసి వదిలిన నన్ను హార్మోనియం మాస్టారు పరంజ్యోతి గారు చెత్తలో పడకుండా పట్టుకున్నారు. అడుగున మేకుతో చిల్లు పొడిచి, గట్టి దారం ఒకటి దూర్చి, లోపల ముడేశారు. తడిగుడ్డతో ఆ దారాన్ని పట్టి జర్రున లాగితే నా కడుపులోంచి అచ్చం పుంజు కూత వస్తుంది. మొదటిసారి లాగినప్పుడు పక్కింటి పుంజు గోడెక్కి బదులు పలికింది. అంతకు మించిన సర్టిఫికెట్ నాకెందుకు?

ఏడాదికి ఒక్కరోజే నా కొలువు. కాలవగట్టు మీది మా పేటలో గుడ్ ఫ్రైడే సాయంత్రం శ్రమల నాటకం ఆడతారు. యేసును పట్టుకుపోయాక శిష్యుడు పేతురు చలిమంట దగ్గర కూర్చుని, ఆయనెవరో తనకు తెలియదని ముమ్మారు బొంకుతాడు. అప్పుడు కోడి కూస్తుంది. ఆ కోడిని నేను. మిగతా ఏడాదంతా గుడి బీరువాలో, క్రిస్మస్ నాటకంలోని జ్ఞానుల పెట్టుడు గడ్డాల పక్కన పడి ఉంటాను.

పేతురు వేషం యోబుది. రైసు మిల్లులో బస్తాలెత్తే మనిషి, గొంతు విప్పితే మైకు దండగ. నా దారం లాగేది అతని కూతురు కెజీయా. బైబిల్లో యోబుకు ఆ పేరుగల కూతురుందని ఏరికోరి పెట్టుకున్నాడు. మాస్టారి వేళ్లు వణకడం మొదలయ్యాక నేను ఆ పిల్ల చేతికి వచ్చాను. ఆమె లాగుడుకో తీరుంది. చివర్న కాస్త ఆపి, చిన్న మెలిక తిప్పి వదిలేది. కూత అయిపోయిందనుకునే లోపు ఒక తోక ఊగేది. తండ్రి వేదిక మీద బొంకడం, కూతురు తెర వెనక కూయడం ఇద్దరికీ మహా ముచ్చట.

ఇక నన్ను తొలిచేసే సందేహం చెబుతాను. నేను ఎన్నిసార్లు కూయాలి? పాత అయ్యగారు, అంటే మా గుడి పాస్టరు, ఒకటే అనేవారు. కొత్త అయ్యగారు వస్తూనే మార్కు సువార్త తెరిచి, రెండన్నారు. మీటింగులో సంఘపెద్ద దేవసహాయం ఊరుకోలేదు.

"మత్తయి, లూకా, యోహాను, ముగ్గుర్నీ వదిలేసి మార్కు ఒక్కడి మాట పట్టుకుంటారేంటండీ అయ్యగారూ?"

"ఒక్కసారే కూసిందని ఆ ముగ్గురూ అనలేదు కదండీ. కూసిందన్నారు. మార్కు లెక్క చెప్పాడు."

"అయితే మొదటి కూత వాళ్లకి వినపళ్లేదంటారా?"

చేపలమ్మే సువార్తమ్మ, నాటకంలో పేతురును నిలదీసే పనిపిల్ల వేషం ఆమెదే, మధ్యలో అందుకుంది. "పేతురికే వినపళ్లా. రాసినోళ్లకేం వినపడద్దిలెండి."

చివరికి అయ్యగారి లెక్కే నెగ్గింది, మొదటి బొంకుకు ఒక కూత, మూడో బొంకుకు ఇంకొకటి. సువార్తమ్మ మాట మాత్రం నన్ను బీరువాలో కూడా కుదురుగా ఉండనివ్వలేదు. కూత ఒకటే అయితే పాపం పేతురుకు తేరుకునే వ్యవధే లేదు. రెండైతే మొదటిది హెచ్చరిక. అది విని కూడా మళ్లీ బొంకాడంటే ఎంత మొండివాడై ఉండాలి? మనుషులు నిజంగా అలా ఉంటారా అని తెగ ఆలోచించాను.

ఉంటారని యోబే చూపించాడు. పట్నంలో నర్సుగా చేస్తున్న కెజీయా, తండ్రితో ఒక్క మాటైనా చెప్పకుండా మా గుడి కాక కేథలిక్కుల ఆర్‌సీఎం గుడికెళ్లే కుర్రాణ్ణి పెళ్లాడింది. ఇద్దరూ నమ్మేది ఒకే యేసును, చదివేది అవే నాలుగు సువార్తలు. తేడా ఎక్కడొచ్చిందో ఈ డబ్బా బుర్రకు అందలేదు. యోబు మాత్రం మండిపడ్డాడు. మిల్లు దగ్గర ఎవరో కూతురెట్టా ఉందంటే, ఆ పేరుగల పిల్ల తనకు తెలియదన్నాడు. గుడి మెట్ల మీద అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, అడిగినా అదే సమాధానం. ఆ తర్వాత ఇంటికెళ్లి గోడవైపు తిరిగి ఏడుస్తున్నాడని, బీరువా సర్దుతూ సువార్తమ్మ అమ్మగారితో చెప్పగా విన్నాను. నాకు కోపం, జాలి రెండూ వచ్చాయి.

ఆ ఏడు గుడ్ ఫ్రైడే సాయంత్రం నన్ను బయటికి తీసిన చేతిని తాకగానే గుర్తుపట్టాను. కెజీయా. భర్తకు భిలాయిలో ఉద్యోగమొచ్చింది, మర్నాడే ప్రయాణం. "నాన్న నా మొహం చూడకపోయినా పర్లేదండీ అమ్మగారూ. నా కూత విన్నా చాలు," అంది. అమ్మగారు ఆమెను తెర వెనక నిలబెట్టారు. ఆ సంగతి యోబుకు తెలియదు.

చలిమంట దగ్గర సువార్తమ్మ వేలు చూపించి నిలదీసింది. "నువ్వూ ఆ గలిలయ ఆయనతో తిరిగినోడివే కదా?"

"ఆయనెవరో నేనెరగను," యోబు గర్జించాడు.

కెజీయా నా దారం లాగింది. మొదటి కూత. చివర్న తోక ఊగింది.

మంట మీద చాచిన యోబు అరచేతులు అలాగే ఉండిపోయాయి. సువార్తమ్మ రెండో ప్రశ్న వేసింది. మళ్లీ వేసింది. ముందు వరసలోంచి దేవసహాయం, "ఎరగనను, ఎరగనను," అని అందిస్తున్నాడు.

"ఎరుగుదును," అన్నాడు యోబు. ఆ పెద్ద గొంతు చిన్నబోయింది. "ఎరుగుదును. అది నా కూతురు."

నాలుగు సువార్తలూ వెతికినా పేతురు నోట ఆ మాట దొరకదు. అయ్యగారు చేతిలోని నాటకం కాగితాలు మడిచేసుకున్నారు.

ఇప్పుడు పేటలో ఎవరినైనా అడగండి. కోడి రెండుసార్లు కూసిందని, తన చెవులారా విన్నానని దేవసహాయం అంటాడు. ఒక్కసారే అని సువార్తమ్మ అంటుంది. బయటి పుంజు కూడా పలికిందని పరంజ్యోతి మాస్టారు ఒట్టేస్తారు. తాను యోబు మొహమే చూస్తున్నానని, కూత సంగతి గమనించలేదని అయ్యగారు ఒప్పుకుంటారు. అందరూ ఆ సాయంత్రం అక్కడున్నవాళ్లే, ఒక్కరూ అబద్ధమాడే రకం కాదు. సువార్తలు రాసిన ఆ నలుగురి మీద నాకున్న అనుమానం దాంతో సగం తీరింది. మిగతా సగం అట్టే ఉంచుకున్నాను. బీరువాలో పొద్దుపోవాలి కదా.

తెర వెనక మాటలు మాత్రం వాళ్లెవరికీ తెలియవు. యోబు లోపలికి వచ్చాడు. పెట్టుడు గడ్డం ఒక చెవికి వేలాడుతోంది.

"అన్నం తిన్నావా?" అన్నాడు.

కెజీయా తల అడ్డంగా ఊపింది. కళ్లు తుడుచుకుని, కంగారుగా మళ్లీ నా దారం పట్టుకుంది. "నాటకం ఆగిపోయింది నాన్నా. ఇంకా రెండో కూత ఉంది."

యోబు ఆమె చేతి మీద చెయ్యేసి ఆపాడు.

"ఉంటే ఉండనీలేమ్మా. నాకు ఒక్కటి చాలింది."